టెక్సస్‌లో మీ పిల్లల స్కూలు పుస్తకాలు వయసుకు తగినవో కాదో చూసుకోవడం, అవసరమైతే అడగడం ఎలా?

“మా అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం దాని వయసుకు మించినదిగా ఉంది, ఎవరిని అడగాలి?” “మా వాడికి ఇష్టమైన పుస్తకం షెల్ఫులో లేదంటున్నారు, ఎందుకు తీసేశారు?” “దీపావళికి క్లాసుకు కథల పుస్తకాలు ఇస్తామంటే టీచరు తీసుకోలేదు, తప్పేమిటి?” డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగు తల్లిదండ్రులు పదేపదే అడుగుతున్న ప్రశ్నలివి. మూడింటికీ జవాబు చాలావరకు ఒకే చట్టంలో ఉంది. దాని పేరు సెనేట్ బిల్ 13. అందరూ ఎస్‌బీ 13 అంటారు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

ఆ చట్టం ఒక్కటే కాదు. లైంగిక దృశ్యాలున్న పుస్తకాలు స్కూలు లైబ్రరీల్లో ఉండకూడదంటూ 2023లో హౌస్ బిల్ 900 వచ్చింది. తరగతి పాఠాల విషయంలో తల్లిదండ్రుల హక్కులు టెక్సస్ విద్యా స్మృతి 26వ అధ్యాయంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని 2025లో ఎస్‌బీ 12 మరింత పెంచింది. చట్టం గురించి ఇంతకు మించి తెలియకపోయినా పని జరుగుతుంది.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. ఈ చట్టాలు మీకు ఇచ్చింది ఒక దారి కాదు, మూడు. మొదటిది మీ బిడ్డకు మాత్రమే వర్తిస్తుంది. రెండోది స్కూలు కొనబోయే పుస్తకాలకు. మూడోది ఇప్పటికే షెల్ఫులో ఉన్న పుస్తకాన్ని పిల్లలందరికీ తీసేయమని కోరడానికి. ఎక్కువమంది నేరుగా మూడోదానికి వెళ్తారు. నెలలు గడుస్తాయి, లైబ్రేరియన్‌తో మాటలు తెగిపోతాయి, ఇంట్లో సమస్య మాత్రం అలాగే ఉంటుంది. మీ బిడ్డ గురించిన బెంగ మొదటి దారిలో కొన్ని రోజుల్లోనే తీరవచ్చు. అందుకే ఈ మెట్లను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చాను. ఎక్కడ మీ పని పూర్తయితే అక్కడ ఆగండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- బిడ్డ స్టూడెంట్ ఐడీ, స్కూలు పేరు, గ్రేడు
- పేరెంట్ పోర్టల్ లాగిన్ (తల్లికీ తండ్రికీ విడివిడిగా ఉంటే మంచిది)
- పుస్తకం పూర్తి పేరు, రచయిత పేరు, వెనక అట్ట మీది ఐఎస్‌బీఎన్ సంఖ్య
- అసలు పుస్తకం. ఫోటోలు, ఎవరో పంపిన పేజీలు సరిపోవు
- తేదీలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం, లేదా ఈమెయిల్‌లో విడిగా ఒక ఫోల్డరు

పౌరసత్వం గాని, గ్రీన్ కార్డు గాని అక్కర్లేదు. హెచ్‌1బీ మీద ఉన్నా, అద్దె ఇంట్లో ఉన్నా, తల్లి లేదా తండ్రి కావడమే మీ అర్హత. స్కూలు బోర్డు ఎన్నికల్లో ఓటు వేయడానికి పౌరసత్వం కావాలి గాని, ఇక్కడ చెప్పే వాటిలో దేనికీ ఆ అవసరం లేదు. వీసా మీద ఉన్నాం కదా, మనకెందుకని నోరు మూసుకునే వాళ్లు ఎంతోమంది ఉన్నారు. దయచేసి అలా అనుకోకండి.

1. మీ డిస్ట్రిక్ట్ ఏదో తేల్చుకోండి

ఊరి పేరు, డిస్ట్రిక్ట్ పేరు ఒకటే కానక్కర్లేదు. ఫ్రిస్కో నగరంలో ఇల్లున్నా, వీధిని బట్టి మీ పిల్లలు ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీలలో (ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) దేనికైనా చెందవచ్చు. అర్వింగ్‌లో ఉంటే అర్వింగ్, కాపెల్, కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీలలో ఏదైనా కావచ్చు. పక్కింటివాళ్లు పంపిన ఫారం మీకు పనికిరాకపోవడానికి తరచుగా కారణం ఇదే. బిడ్డ స్కూలు వెబ్‌సైట్ అడుగున డిస్ట్రిక్ట్ పేరు ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

డిస్ట్రిక్ట్ సైటులో ‘బోర్డు పాలసీ’ అనే పేజీ వెతకండి. అక్కడ అక్షరాల కోడ్‌లు ఉంటాయి. ఈఎఫ్‌బీ అంటే లైబ్రరీ పుస్తకాలు, ఈఎఫ్‌ఏ అంటే పాఠ్య సామగ్రి, ఎఫ్‌ఎన్‌జీ అంటే తల్లిదండ్రుల ఫిర్యాదులు. ఒక్కోదానికి ‘లీగల్’, ‘లోకల్’ అని రెండు పత్రాలు ఉంటాయి. రాష్ట్ర చట్టం లీగల్‌లో, మీ డిస్ట్రిక్ట్ సొంత పద్ధతి లోకల్‌లో ఉంటాయి. మీకు ఎక్కువగా అవసరం పడేది లోకల్ పత్రం. నాలుగైదు పేజీలకు మించదు, ఒకసారి చదివేయండి.

ప్రైవేటు స్కూలైతే ఈ చట్టాలు వర్తించవు. అక్కడ మీరు చేరేటప్పుడు సంతకం చేసిన హ్యాండ్‌బుక్కే ఆధారం.

2. ఆ పుస్తకం ఏ కోవలోదో గుర్తించండి

ఈ మెట్టు దాటేసిన వాళ్ల ఉత్తరాలు చాలావరకు తప్పు బల్ల మీదికి వెళ్తాయి. పుస్తకం ఎక్కడి నుంచి వచ్చిందో బిడ్డను మెల్లగా అడగండి. కోపంగా అడిగితే ఇక మీద తెచ్చే పుస్తకాలు మీకు చూపించరు.

స్కూలు లైబ్రరీ ముద్ర ఉంటే అది లైబ్రరీ పుస్తకం. టీచరు తన గదిలో పెట్టుకున్న షెల్ఫు నుంచి తెచ్చినా ఎస్‌బీ 13 లెక్కలో అదీ లైబ్రరీ పుస్తకమే. ‘సోరా’ వంటి యాప్‌లో ట్యాబ్ మీద చదివే ఈ-పుస్తకాలు స్కూలు అందించినవైతే వాటినీ మరచిపోకండి. పెద్దవాళ్లు అట్ట ఉన్న పుస్తకాలే చూసి ఊరుకుంటారు, పిల్లలు చదివేది స్క్రీను మీద.

టీచరు తరగతి మొత్తానికి చదవమని ఇచ్చిందైతే అది పాఠ్య సామగ్రి. దానికి చట్టం వేరు, ఫారం వేరు, 6వ మెట్టు చూడండి.

సిటీ లైబ్రరీ కార్డు మీద తెచ్చుకున్నదైతే స్కూలుకు సంబంధమే లేదు. సిటీ లైబ్రరీకి ఎస్‌బీ 13 వర్తించదు. ఆ పుస్తకం గురించి స్కూలు లైబ్రేరియన్‌ను నిలదీస్తే ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు.

3. కేటలాగ్ తెరిచి, బిడ్డ ఖాతా చూడండి

తల్లిదండ్రులు లైబ్రరీ కేటలాగ్‌ను చూసే వీలు డిస్ట్రిక్ట్ కల్పించాలి. చాలా చోట్ల డెస్టినీ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. స్కూలు పేరు ఎంచుకుని పుస్తకం పేరు కొట్టండి. ఏ క్యాంపస్‌లో ఉందో కనిపిస్తుంది. హైస్కూల్లో మాత్రమే ఉన్న పుస్తకం గురించి ఎలిమెంటరీ ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయడం అనవసరం. ఇలా రాసేవాళ్లు నిజంగానే ఉన్నారు.

బిడ్డ తీసుకున్న పుస్తకాల వివరాలు తెలుసుకునే హక్కు కూడా మీకుంది. పేరు, రచయిత, ఏ కోవ పుస్తకం, తిరిగి ఇవ్వవలసిన తేదీ మీకు అందాలి. పోర్టల్‌లోనో ఈమెయిల్‌లోనో వస్తుంది. రాకపోతే లైబ్రేరియన్‌కు రెండు వాక్యాల ఈమెయిల్ రాయండి: “నేను ఫలానా విద్యార్థి తల్లిని. ఎస్‌బీ 13 ప్రకారం మా బిడ్డ తీసుకున్న పుస్తకాల వివరాలు నాకు ఎలా అందుతాయో తెలియజేయండి.” ఉత్తరం ఇంగ్లీషులో రాయాలి, సారం ఇంతే. కారణాలు చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన ఇళ్లలో ప్రత్యేకంగా కనిపించే ఒక సంగతి ఉంది. మూడో గ్రేడు పిల్ల ఎనిమిదో గ్రేడు స్థాయిలో చదువుతోందని మురిసిపోతాం. లెక్సైల్ సంఖ్య పెరిగిందని బంధువులకు చెప్పుకుంటాం. ఆ సంఖ్య వాక్యాల పొడవును, మాటల కఠినత్వాన్ని కొలుస్తుంది. పుస్తకంలో ఏ సంగతులున్నాయో దానికి తెలియదు. ఎనిమిదేళ్ల పిల్ల తన స్థాయికి సరిపోయే పుస్తకం వెతుక్కుంటూ పదిహేనేళ్ల వాళ్లకు రాసిన నవల దగ్గరికి చేరుతుంది. తప్పు స్కూలుదీ కాదు, పిల్లదీ కాదు. బాగా చదివే పిల్లలున్న ఇంట్లో లెక్సైల్‌తో పాటు ‘సిఫార్సు చేసిన వయసు’ కూడా చూడటం అలవాటు చేసుకోండి. కర్కస్, స్కూల్ లైబ్రరీ జర్నల్ సమీక్షల్లో వయసు ఉంటుంది. కామన్ సెన్స్ మీడియా సైటులో వయసుతో పాటు హింస, భాష, శృంగారం ఏ మేరకు ఉన్నాయో విడివిడిగా ఇస్తారు. ‘యంగ్ అడల్ట్’ అని ఉంటే అది మామూలుగా పన్నెండేళ్లు దాటినవాళ్ల కోసం రాసినదని అర్థం.

కష్టమైన భాష కావాలి, పెద్దల విషయాలు వద్దు అనుకుంటే సైన్సు, చరిత్ర, జీవితచరిత్ర అరలకు పంపమని లైబ్రేరియన్‌ను అడగండి. పాత సాహసకథలూ బాగా పనికొస్తాయి. ఈ ఒక్క సంభాషణతో చాలా ఇళ్లలో సమస్య ముగుస్తుంది.

4. పుస్తకం మొత్తం చదవండి

మొత్తం. వాట్సాప్‌లో తిరుగుతున్న రెండు పేజీలు కాదు.

బడ్జెట్ పత్రమో, సాఫ్ట్‌వేర్ మాన్యువలో వచ్చినప్పుడు చదవకుండా సంతకం పెట్టని మనం, పిల్లల పుస్తకం దగ్గర మాత్రం ఇంకొకరి మాట మీద సంతకం చేస్తాం. దానివల్ల రెండు నష్టాలు. ఒకటి, కమిటీ ముందు “మీరు పుస్తకం చదివారా?” అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. రెండోది ఇంకా పెద్దది: చదివితే మీ అభిప్రాయం మారవచ్చు. ఒక పేజీలో వేధింపు వర్ణన ఉండి, తర్వాతి పేజీల్లో ఆ పిల్ల పెద్దవాళ్లకు ఎలా చెప్పుకుందో, ఎలా బయటపడిందో ఉండవచ్చు. అది పన్నెండేళ్ల పిల్లకు అవసరమైన పుస్తకం కావచ్చు, ఎనిమిదేళ్ల పిల్లకు కాకపోవచ్చు.

చదువుతూ కాగితం మీద మూడు వరసలు గీయండి: పేజీ సంఖ్య, అక్కడ ఉన్న విషయం, మీ అభ్యంతరం. తర్వాత ఏ ఫారం నింపినా ఈ కాగితమే ఆధారం. నచ్చిన పేజీలు కూడా రాసుకోండి. న్యాయంగా చదివినట్లు కనిపిస్తేనే ఎదుటివాళ్లు వింటారు.

5. మీ బిడ్డకు మాత్రమే వర్తించే జాబితా ఇవ్వండి

చాలా ఇళ్లకు ఇదే ఆఖరి మెట్టు కావాలి.

మీ బిడ్డ బయటకు తీసుకువెళ్లకూడని పుస్తకాల జాబితాను స్కూలుకు ఇచ్చే హక్కు ఎస్‌బీ 13 ఇచ్చింది. కమిటీ, విచారణ, ఇంకో తల్లి ఒప్పుకోలు ఏవీ అక్కర్లేదు. జాబితా అందాక ఆ పుస్తకాలను మీ బిడ్డకు చెకౌట్ చేయకూడదు. మిగతా పిల్లలకు ఆ పుస్తకం అందుబాటులోనే ఉంటుంది. మీ ఇంటి నిర్ణయం మీ ఇంటికే పరిమితం కావడం వల్లనే నాకు ఈ దారి మీద గౌరవం.

డిస్ట్రిక్ట్ సైటులో ఫారం ఉంటే అదే వాడండి. లేకపోతే ఈమెయిల్‌లో ఇవి రాయండి: బిడ్డ పేరు, ఐడీ, గ్రేడు, ఒక్కో పుస్తకం పేరు, రచయిత, ఐఎస్‌బీఎన్, “ఈ పుస్తకాలను నా బిడ్డకు చెకౌట్ చేయవద్దు” అనే ఒక వాక్యం, మీ సంతకం, తేదీ. లైబ్రేరియన్‌కు పంపి, ప్రిన్సిపాల్‌కు కాపీ పెట్టండి.

జాగ్రత్తలు: “అసభ్యమైనవన్నీ వద్దు”, “దయ్యాల పుస్తకాలన్నీ వద్దు” అని రాస్తే కంప్యూటర్లో ఎక్కించలేరు. పేర్లు ఇవ్వాలి. ఒకే కథ వరసగా ఎనిమిది భాగాలుంటే ఎనిమిది పేర్లూ రాయాలి. ఈ-పుస్తకం కూడా ఉంటే దాన్ని విడిగా పేర్కొనండి. ఇంకొకటి, ఈ నిషేధం పుస్తకాన్ని లైబ్రరీ బయటకు తీసుకువెళ్లడం గురించి. లైబ్రరీ బల్ల దగ్గర కూర్చుని తిరగేయడాన్ని, స్నేహితురాలి సంచిలోని పుస్తకాన్ని ఏ ఫారమూ ఆపలేదు. ఎందుకు వద్దంటున్నారో బిడ్డకు చెప్పే పని మీదే.

6. తరగతి పాఠమైతే ఈ తలుపు తట్టండి

తరగతిలో వాడే పుస్తకాలు, చేతికిచ్చే కాగితాలు, వీడియోలు, పరీక్ష ముగిశాక ఆ పరీక్ష పత్రం, వీటన్నిటినీ చూసే హక్కు 26వ అధ్యాయం మీకు ఇచ్చింది. ముందు టీచరుకు రాయండి. “ఈ ఆరు వారాల్లో చదివించబోయే పుస్తకాల జాబితా ఇస్తారా?” అని అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తారు.

ఏదైనా పాఠం మీ మత విశ్వాసానికో, నైతిక విశ్వాసానికో విరుద్ధమైతే బిడ్డను ఆ కార్యక్రమం నుంచి తాత్కాలికంగా తప్పించమని రాసి ఇవ్వవచ్చు. టీచరుకు లిఖితపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. హద్దులు కూడా చట్టంలోనే ఉన్నాయి: పరీక్ష తప్పించుకోవడానికి కుదరదు, ఒక సబ్జెక్టును సెమిస్టరు మొత్తం మానిపించడం కుదరదు, గ్రేడు దాటడానికి, గ్రాడ్యుయేషన్‌కు కావలసినవి నేర్చుకోక తప్పదు. అందుకే “తప్పించండి” అని మాత్రమే రాయకుండా, “బదులుగా ఇంకో పుస్తకం ఇవ్వండి, అదే వ్యాసం రాయిస్తాం” అని అడగండి. ఇంగ్లీషు టీచర్లలో చాలామంది ఒప్పుకుంటారు. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న హైస్కూలు పిల్లల విషయంలో మాత్రం ఆచితూచి అడగండి. అది కాలేజీ స్థాయి కోర్సు, పెద్దల విషయాలు లేకుండా ఆ పఠన జాబితా తయారుకాదు. వద్దనుకుంటే కోర్సు ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి.

లైంగిక విద్య విషయం వేరు. ఆ పాఠాలకు ముందు మీ లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. ఫారం మీద మీరు సంతకం చేయకపోతే బిడ్డను కూర్చోబెట్టకూడదు. దీన్ని చదవకుండా చెత్తబుట్టలో వేసే తల్లిదండ్రులు రెండు రకాలుగా నష్టపోతారు: కావాలనుకునేవారి బిడ్డకు పాఠం పోతుంది, వద్దనుకునేవారు అందులో ఏముందో చూసే అవకాశం పోగొట్టుకుంటారు. శరీర రక్షణ, వేధింపుల గురించి చెప్పే భాగాలు ఇందులో ఏమేమి ఉన్నాయో చూసి మరీ నిర్ణయించండి. చాలామంది తెలుగు పిల్లలకు ఇంట్లో ఆ మాటలు చెప్పేవారు లేరు. నా సలహా అడిగితే, ముందు పాఠ్యాంశం చూడండి, తర్వాత ఒప్పుకోండి.

టెక్సస్‌లో కాకుండా మేరీలాండ్‌లోనో వర్జీనియాలోనో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట: మహమూద్ వర్సెస్ టేలర్ కేసులో 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మతపరమైన అభ్యంతరాల గురించే. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ స్కూళ్లలో కొన్ని కథల పుస్తకాలు చదివించేటప్పుడు ముందుగా తెలియజేసి పిల్లలను తప్పించే వీలు ఇవ్వాలని కోరిన తల్లిదండ్రుల పక్షాన తీర్పు వచ్చింది. పైన చెప్పిన ఫారాలు, గడువులు మాత్రం టెక్సస్‌వి. మీ రాష్ట్రానివి వేరుగా చూసుకోవాలి.

7. కొనబోయే పుస్తకాల జాబితా చూడండి, పుస్తకాలు ఇవ్వాలంటే ఇక్కడే

లైబ్రరీ కొనే పుస్తకాలనూ, దానంగా తీసుకునే పుస్తకాలనూ ఇప్పుడు స్కూలు బోర్డు ఆమోదించాలి. ఆమోదానికి ముందు ఆ జాబితా కనీసం 30 రోజులు ఆన్‌లైన్‌లో ఉండాలి. వద్దనుకునే పుస్తకం గురించి చెప్పడానికి ఇంతకంటే తేలికైన సమయం లేదు, ఎందుకంటే ఇంకా ఎవరూ దాన్ని కొనలేదు. కావాలనుకునే పుస్తకాన్ని సమర్థించడానికీ ఇదే సమయం. ఈ రెండో పని మనవాళ్లు దాదాపు చేయరు. “ఈ పుస్తకం మా పిల్లలకు ఉపయోగం, ఆమోదించండి” అని పదిమంది రాస్తే లైబ్రేరియన్‌కు కొండంత అండ.

దీపావళి పుస్తకాల సంగతికి వద్దాం. రామాయణ భారత కథలు, పంచతంత్రం, మన పండుగల బొమ్మల పుస్తకాలు క్లాసుకు తీసుకువెళ్లి టీచరు చేతికి ఇస్తే ఆమె షెల్ఫులో పెట్టుకోలేదు. ఆమెకు ఇష్టం లేక కాదు, చట్టం ఒప్పుకోదు. చేయవలసింది ఇది: ఆగస్టులోనే లైబ్రేరియన్‌ను కలిసి తర్వాతి జాబితా ఎప్పుడు పెడతారో అడగండి, ఒక్కో పుస్తకానికి పేరు, రచయిత, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్, తగిన వయసు రాసి ఇవ్వండి. 30 రోజులు, ఆ తర్వాత బోర్డు సమావేశం లెక్కపెట్టుకుంటే దీపావళికి షెల్ఫులోకి రావచ్చు. ఐఎస్‌బీఎన్ లేని, ఇక్కడ సమీక్షలు లేని ప్రచురణలు వెనకబడతాయి కాబట్టి ఇండియా నుంచి తెచ్చేటప్పుడు ఆ సంఖ్య ఉన్నవే ఎంచండి. మీ పిల్లలే క్లాసులో ఒక కథ చదివి వినిపించి పుస్తకం తిరిగి ఇంటికి తెచ్చుకోవడం ఇంకో మార్గం. ముందుగా టీచరును అడగండి.

8. షెల్ఫులో ఉన్న పుస్తకాన్ని తీసేయమని కోరడం

5వ మెట్టు సరిపోదని గట్టిగా అనిపించినప్పుడే ఇక్కడికి రండి. ఆ పుస్తకం మీ బిడ్డకే కాదు, ఆ స్కూల్లోని ఏ బిడ్డకూ తగదని మీరు రుజువుతో చెప్పగలగాలి. విద్యార్థి తల్లిదండ్రులు, డిస్ట్రిక్ట్ ఉద్యోగులు, డిస్ట్రిక్ట్ పరిధిలో నివసించేవారు ఎవరైనా రాతపూర్వకంగా చాలెంజ్ వేయవచ్చు. దానికి రాష్ట్ర విద్యా సంస్థ టీఈఏ రూపొందించిన ఫారం ఉంది.

ఫారంలో మీ అభ్యంతరం చట్టంలోని మాటలకు సరిపోవాలి. ‘ఇండీసెంట్ కంటెంట్’ అంటే లైంగిక లేదా విసర్జన అవయవాలను, క్రియలను స్పష్టంగా జుగుప్స కలిగించేలా చూపడం. ‘ప్రొఫేన్ కంటెంట్’ అంటే బహిరంగంగా సహించలేనంత బూతు భాష. ‘హార్మ్‌ఫుల్ మెటీరియల్’ అనేది టెక్సస్ శిక్షా స్మృతి 43.24 సెక్షన్‌లోని మాట. దానికి కామాన్ని రెచ్చగొట్టేలా ఉండటం, మైనర్లకు తగదని పెద్దల సమాజం భావించే ప్రమాణాలకు విరుద్ధంగా ఉండటం, మైనర్లకు సామాజికంగా ఏ విలువా లేకపోవడం, ఈ మూడూ కలవాలి. మీ నోటుపుస్తకంలోని పేజీ సంఖ్యలను వీటికి జత చేయండి.

ఏది చెల్లదో కూడా తెలుసుకోండి. కేవలం పుస్తకంలోని భావాల వల్లనో, రచయిత లేదా పాత్రల నేపథ్యం వల్లనో తీసేయడాన్ని హౌస్ బిల్ 900 కింద వచ్చిన లైబ్రరీ ప్రమాణాలు అనుమతించవు. “మన మతం గురించి తప్పుగా రాశారు”, “కులం గురించి ఇలా అన్నారు” అనేవి బాధ కలిగించే విషయాలే, నాకూ బాధే. కాని వాటికి ఇది దారి కాదు. అవి వాస్తవ దోషాలైతే లైబ్రేరియన్‌కు ఆధారాలతో రాయండి, సరైన పుస్తకాన్ని 7వ మెట్టులో సూచించండి. పాఠ్యపుస్తకంలో ఉంటే టీచరుకు, డిస్ట్రిక్ట్ కరికులం విభాగానికి రాయండి.

ఫారం ఇచ్చాక జరిగేది: నిర్ణయం వచ్చేదాకా ఆ పుస్తకం పిల్లలెవరికీ ఇవ్వరు. లైబ్రరీ సలహా మండలి (9వ మెట్టు చూడండి) ఉన్న డిస్ట్రిక్ట్‌లో అయిదు రోజుల్లో మీ ఫారం దానికి చేరాలి, 90 రోజుల్లోగా అది సిఫార్సు చేయాలి, తర్వాత జరిగే మొదటి బహిరంగ సమావేశంలో బోర్డు తేలుస్తుంది. ఉంచాలని బోర్డు నిర్ణయిస్తే రెండేళ్ల దాకా అదే పుస్తకాన్ని మళ్లీ చాలెంజ్ చేయడం కుదరదు. కాబట్టి తొందరపాటుతో వేసిన బలహీనమైన ఫారం రేపు గట్టి ఆధారాలతో వచ్చే ఇంకొకరి దారి కూడా మూసేస్తుంది. విచారణ నడిచినన్నాళ్లు ఆ పుస్తకం అవసరమైన పిల్లలకు కూడా అందదు. ఆ బరువు గుర్తుంచుకుని సంతకం చేయండి.

9. సలహా మండలిలో కూర్చోండి

దీన్ని స్కూల్ లైబ్రరీ అడ్వైజరీ కౌన్సిల్ అంటారు. బోర్డు తనంతట తాను ఏర్పాటు చేయవచ్చు. చేయకపోతే 50 మంది తల్లిదండ్రులు, లేదా మొత్తం తల్లిదండ్రుల్లో 10 శాతం, వీటిలో ఏది తక్కువైతే అంతమంది సంతకాలతో అడిగితే చేయాలి. కనీసం అయిదుగురు సభ్యులు, అందులో ఎక్కువమంది డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కాని తల్లిదండ్రులు ఉండాలి. ఒక్క బతుకమ్మ పండుగకు వచ్చే జనంలోనే 50 సంతకాలు దొరుకుతాయి. కాని సంతకాలు పెట్టించడం కంటే మండలిలో కూర్చుని పుస్తకాలు చదివే ఓపిక అరుదు. బోర్డు దరఖాస్తులు పిలిచినప్పుడు మీ పేరు ఇవ్వండి. తెలుగు పిల్లలు వందల్లో చదివే డిస్ట్రిక్టులో ఆ బల్ల దగ్గర మన ముఖం ఒక్కటైనా ఉండాలి.

పాఠ్య సామగ్రి సమీక్షను ఒక్కరైనా కోరవచ్చు. పిటిషన్ పెట్టాలంటే మాత్రం ఇంకా ఎక్కువమంది కావాలి: ఒక క్యాంపస్‌లోని విద్యార్థుల్లో 25 శాతం మంది తల్లిదండ్రుల సంతకాలు.

10. బోర్డు ముందు మాట్లాడటం

అజెండా కనీసం మూడు పనిదినాల ముందు పెడతారు. మీ విషయం అజెండాలో ఉందో లేదో చూసి, పేరు నమోదు చేసుకోండి. సమయం తక్కువ, రెండు మూడు నిమిషాలే ఉండవచ్చు. పేరు, బిడ్డ గ్రేడు, పుస్తకం, పేజీ, మీరు కోరేది, ఈ వరసలో ఒక పేజీ రాసుకుని గడియారం పెట్టి ఇంట్లో చదివి చూడండి. ఇంగ్లీషు ఇబ్బందైతే అనువాదకుల సాయంతో తెలుగులో మాట్లాడవచ్చు. ఒకేసారి వినిపించే అనువాద పరికరాలు అక్కడ లేకపోతే, టెక్సస్ చట్టం ప్రకారం మీకు కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. ముందుగానే అడగండి. బిడ్డ పేరు మైకులో చెప్పకండి, ఆ వీడియో ఆన్‌లైన్‌లో ఉండిపోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఇంటర్నెట్‌లో దొరికిన ‘నిషిద్ధ పుస్తకాల’ జాబితాను అలాగే అతికించి పంపడం మొదటిది. అందులో సగం పుస్తకాలు మీ స్కూల్లో ఉండవు, ఉన్నవాటిని మీరు చదివి ఉండరు. పుస్తకం అట్ట మీద రాష్ట్రం ఇచ్చిన రేటింగు కోసం వెతకడం ఇంకొకటి. అమ్మేవాళ్లే పుస్తకాలకు రేటింగు ఇవ్వాలన్న 2023 నిబంధనను ఫెడరల్ కోర్టులు ఆపేశాయి, కాబట్టి అలాంటి ముద్ర ఉండదు.

లైబ్రేరియన్‌ను నేరస్తురాలిలా చూడటం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పిల్లలకు హానికరమైన సామగ్రి ఇచ్చారన్న కేసుల్లో విద్య కోసమే ఇచ్చామని చెప్పుకునే రక్షణను 2025లో ఎస్‌బీ 412 తీసేసింది. అప్పటి నుంచి ఎంతోమంది టీచర్లు భయంతో మంచి పుస్తకాలు కూడా పెట్టెల్లో పెట్టేస్తున్నారు. మీ పిల్లవాడికి ఇష్టమైన పుస్తకం కనబడకపోవడానికి ఎవరో చాలెంజ్ చేయడమే కారణం కానక్కర్లేదు, ఇది కూడా కావచ్చు. నిందించకుండా, “ఈ పుస్తకం పరిశీలనలో ఉందా, చాలెంజ్‌లో ఉందా, లేక ఎవరైనా తీసుకువెళ్లారా?” అని అడగండి.

ఫోనులో మాట్లాడి ఊరుకోవడమూ పనికిరాదు. మాట్లాడిన రోజే “ఈరోజు మనం అనుకున్నవి ఇవి” అని ఒక ఈమెయిల్ పంపండి.

పని జరిగిందో లేదో ఇలా చూసుకోండి

జాబితా ఇచ్చిన వారం తర్వాత లైబ్రేరియన్‌ను, “బిడ్డ ఖాతాలో ఆ పేర్లు ఎక్కాయా?” అని అడిగి రాతలో జవాబు తీసుకోండి. నెలకోసారి చెకౌట్ వివరాలు తెరిచి చూడండి. ఈ-పుస్తకాల యాప్‌ను బిడ్డ లాగిన్‌తో మీరే తెరిచి ఆ పుస్తకం పేరు కొట్టి చూడండి.

చాలెంజ్ వేసి ఉంటే కేటలాగ్‌లో ఆ పుస్తకం స్థితి చూడండి. ఇంకా ‘అందుబాటులో ఉంది’ అని చూపిస్తుంటే ఫారం అందలేదని అనుకోవచ్చు, తేదీతో సహా గుర్తుచేయండి. మండలి సమావేశాల వివరాలు, బోర్డు నిర్ణయం డిస్ట్రిక్ట్ సైటులో వస్తాయి. గడువులు దాటినా స్పందన లేకపోతే ఎఫ్‌ఎన్‌జీ లోకల్ పత్రంలో చెప్పిన ఫిర్యాదు ఫారం నింపండి. అందులో మెట్లు ఉంటాయి: ముందు క్యాంపస్, తర్వాత డిస్ట్రిక్ట్ అధికారి, చివర బోర్డు. ఒక మెట్టు దాటేస్తే వెనక్కి పంపుతారు.

ఎలిమెంటరీ నుంచి మిడిల్ స్కూలుకు, డిస్ట్రిక్ట్ నుంచి డిస్ట్రిక్ట్‌కు మారినప్పుడు పాత జాబితా కొత్త చోటికి దానంతట అదే వెళ్తుందని నమ్మకండి. ఆగస్టులో ఇమ్యూనైజేషన్ కాగితాలు, బస్సు ఫారం నింపే రోజునే ఇదీ మళ్లీ నింపి ఇవ్వండి. ఇచ్చే ముందు పాత పేర్లు ఒకసారి చూడండి. పోయినేడు తొమ్మిదేళ్ల పిల్లకు వద్దన్న పుస్తకం ఈ ఏడు ఆ జాబితా నుంచి తీసేయవలసినదై ఉండవచ్చు.